ఒక్క పీరియడ్ ఇవ్వండి, ఐదు ఐడియాలూ పంపండి

సంపాదకులకు నమస్కారం.

నేను నిజామాబాద్ జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. ఇన్‌స్పైర్ మానక్ గురించి తోటి టీచర్లతో ఒక మాట చెప్పుకోవాలనే ఈ ఉత్తరం.

పిల్లల సొంత ఆలోచనకు కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇచ్చే సాయం ఇది. బడి తరఫున ఐదు ఐడియాలు ఆన్‌లైన్‌లో పంపవచ్చు. ఎంపికైతే మోడల్ తయారీకి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలోనే పడతాయి. అయినా నాకు తెలిసిన కొన్ని బళ్ల నుంచి ఒక్కటీ వెళ్లదు. "మన పిల్లలకు ఐడియాలెక్కడివి మేడమ్" అంటారు. ఇంకొందరు యూట్యూబ్‌లో చూసినవే పిల్లల పేరు మీద ఎక్కించేస్తారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండోదే.

నేనూ మొదట్లో "కొత్త ఐడియా చెప్పండి" అనే అడిగాను. అందరూ తలలు దించుకున్నారు. మరుసటి ఏడు ప్రశ్న మార్చాను. "ఇంట్లో అమ్మకు ఏ పని కష్టంగా ఉంది?" అంతే, ఒకరి మీద ఒకరు మాట్లాడారు.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచింది. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, అందులో తునికాకు, తంబాకు. ఫ్యాన్ వేస్తే తంబాకు ఎగిరి కళ్లల్లో పడుతుంది, ఆపితే ఉక్కపోత. ఈ పిల్ల చాటకు పొట్టి కాళ్లు, పైన అద్దంలాంటి మూత, చేతులు దూరడానికి రెండు కంతలు పెట్టి నోట్‌బుక్ వెనక పేజీలో పెన్సిల్‌తో బొమ్మ గీసింది. అది ఎంపికైంది. ప్లాస్టిక్ షీటు కొని, ఊళ్లో వడ్రంగితో ఫ్రేము చేయించాం. మొదటిసారి కంతలు ఇరుకై చేతులు ఆడలేదు. వాళ్లమ్మే బడికొచ్చి, కింద కూర్చుని, కొలత చెప్పి వెళ్లింది. రాష్ట్రస్థాయికి పోలేదు. కానీ జిల్లా ప్రదర్శనలో ఎవరు నేర్పారని అడిగితే "మా అమ్మ కూర్చునేది చూసి చేసిన" అని ఆ పిల్ల తలెత్తి చెప్పింది.

బ్యాంకు ఖాతా మాత్రం ముందే తెరిపించండి. ఆధార్‌లో, బడి రికార్డులో, పాస్‌బుక్‌లో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. తర్వాత చూద్దామనుకుంటే ఆ టెన్షన్ పిల్లలు పడాల్సి వస్తుంది.

గడువు ముగిసేలోపు ఒక్క పీరియడ్ ఇవ్వండి. పిల్లలు చెప్పేది వాళ్ల మాటల్లోనే రాయించి, ఐదూ పంపండి.

– ఒక సైన్స్ ఉపాధ్యాయురాలు, నిజామాబాద్ జిల్లా