సిల్క్ గురించీ, మన మూడు ఫిల్మ్ ముక్కల గురించీ

ఏరా,

ఆ రోజు రాత్రి నువ్వు ఫోన్ చేస్తే "రేపు మాట్లాడదాం రా" అని పెట్టేశాను చూడు, అప్పుడు నిజంగానే ఊపిరి సలపడం లేదు. కరెంటు పోయింది, జనరేటర్ మొరాయించింది, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యంతా పైకి తేలిపోతుంది, ఆ టెన్షన్ నీకు తెలీనిది కాదు. ఆ రేపు వచ్చింది, పోయింది, ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నువ్వు మళ్లీ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఇప్పుడు గట్టు మీద షెడ్డులో కూర్చుని, మేత లెక్కలు రాసే పుస్తకంలోంచి కాయితాలు చింపి ఇది రాస్తున్నా.

ఎందుకంటే నిన్న రాత్రి కాపలా కూర్చుని ఫోన్లో అనూరాధ ఇంటర్వ్యూ ఒకటి చూశాను. మన అనూరాధేరా, సిల్క్ స్మితతో పాటు అప్పట్లో ప్రతి సినిమాలో ఓ పాట చేసేదే, ఆవిడ. వాళ్లిద్దరూ పోటీ అనుకునేవాళ్లం మనం, నువ్వు సిల్క్ పార్టీ, నేను అనూరాధ పార్టీ, దాని మీద ఓసారి కొట్టుకున్నాం కూడా. తీరా చూస్తే వాళ్లిద్దరూ స్నేహితులట. సిల్క్ ఎవరితోనూ తొందరగా కలిసే మనిషి కాదు, ఉన్న ఒకరిద్దరిలో ఈవిడొకరు. 1996లో చనిపోయే ముందు రోజు రాత్రి అనూరాధకి ఫోన్ చేసి, మాట్లాడాలి, రాగలవా అని అడిగిందట. పొద్దున్న వస్తే సరిపోతుందా అంటే సరేనందట. పొద్దున్నకి, అదే సెప్టెంబర్ 23న, టీవీలో వార్త. ముప్ఫై ఐదేళ్లు అంతే. ఆవిడ చెప్తుంటే ఫోన్ ఆపేసి చెరువు చుట్టూ ఓ రౌండ్ కొట్టొచ్చాను. నువ్వు ఏదైనా కష్టంలో ఉండి చేశావా, ఊరికే చేశావా? ఊరికే అయితే తిట్టుకో, పర్లేదు.

సరే ఇక సిల్క్ సంగతికొస్తా, ఎలాగూ రాత్రంతా మెలకువే.

మీ మావయ్య టూరింగ్ టాకీసులో ఆపరేటర్‌గా ఉండేవాడు కదా, ఆ ప్రొజెక్టర్ గదిలో కార్బన్ కడ్డీల వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. పెద్ద టౌన్లలో ఆడి ఆడి అరిగిపోయిన ప్రింటు చివరికి మన ఊరు చేరేది. సిల్క్ పాట వచ్చిందా, నేల టిక్కెట్టంతా ఈలలు, తువ్వాళ్లు గాల్లోకి. సరిగ్గా మజాగా ఉన్నచోట పాట గెంతేది, చెయ్యి పైకెత్తుతూ ఉండగానే ఇంకోచోట తేలేది. ఆపరేటర్‌ని బూతులు తిట్టేవారు జనం. అసలు సంగతి మీ మావయ్యే చెప్పాడు: రీలు తెగినచోట రెండు కొసలూ బ్లేడుతో గీకి సిమెంటు పెట్టి అతికించేటప్పుడు ప్రతి ఊళ్లోనూ నాలుగు ఫ్రేములు ఎవడో ఒకడు జేబులో వేసుకుంటాడు, మన దాకా వచ్చేసరికి ఆ అమ్మాయి పాట సగమే మిగులుతుంది, అని. అని, తనూ మూడు ఫ్రేములు కత్తిరించి మనకిచ్చాడు మహానుభావుడు.

మీ గొడ్ల చావిడిలో వేసిన షో గుర్తుందా? మాడిపోయిన బల్బు మూతి ఊడగొట్టి, అందులో నీళ్లు పోసి, అద్దంతో ఎండ లోపలికి కొట్టి, మీ నాన్నగారి పంచె మీద బొమ్మ. టిక్కెట్టు పది పైసలు. రెండు ముక్కల్లో నవ్వుతోంది, అవి నువ్వు తీసుకున్నావు. మూడోదాంట్లో కళ్లు మూసుకుపోయి ఉన్నాయి, రెప్ప వేసిన క్షణంలో పడిందన్నమాట, "ఇది పాడైన ముక్క, నువ్వుంచుకో" అని నాకు అంటగట్టావు. నీ రెండూ మీ అమ్మగారి పొయ్యిలోకి పోయాయి. నాది ఎవరికీ అక్కర్లేనిది కాబట్టి మిగిలింది. మొన్న అటక మీద ట్రంకు పెట్టె దింపితే లెక్కల పుస్తకంలో దొరికింది.

దాన్ని ఒక ఫోన్ తెల్ల స్క్రీన్ మీద పెట్టి, ఇంకో ఫోన్‌తో జూమ్ చేసి చూశాను. మూసిన రెప్పల మీద రంగు. నుదుట చెమట, పౌడర్ దాని వెంట చారికలు కట్టింది. భుజం దగ్గర, ఆ మెరుపుల బట్ట ఊడకుండా ఒక పిన్నీసు. మామూలు పిన్నీసు, మనింట్లో అమ్మ గాజులకి తగిలించుకునేదే. అప్పట్లో చావిడి చీకట్లో అంతమంది చూశాం, ఒక్కడికీ కనపడలేదు. మండిపోయే లైట్ల కింద పొద్దుట్నుంచి ఎన్ని టేకులు చేసిందో ఏమో, ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

తనూ టచప్ అమ్మాయిగానే మొదలైంది రా, వేరేవాళ్ల మొహాన చెమట తుడిచే పని. కొవ్వలి పిల్ల, వడ్లపట్ల విజయలక్ష్మి, 1960లో పుట్టింది, నాలుగో క్లాసుతో చదువు ఆగిపోయింది, చిన్నతనంలోనే పెళ్లి, అది తట్టుకోలేక మద్రాసు. తమిళ నటుడు వినుచక్రవర్తి స్మిత అని పేరు పెట్టాడు, ఆయన భార్య ఇంగ్లీషు నేర్పి డ్యాన్సుకి ఏర్పాటు చేసింది. 1980లో 'వండిచక్రం' అనే తమిళ సినిమాలో చేసిన పాత్ర పేరు సిల్క్, ఆ పేరు ఇక వదల్లేదు. సావిత్రిలాగా క్యారెక్టర్లు చేద్దామనుకున్నానని తనే చెప్పుకుంది. 'సీతాకోకచిలుక'లో శరత్‌బాబు భార్యగా వేసినప్పుడు మనమేం చేశాం? పాట లేదని బయటికొచ్చి గోలీ సోడా తాగాం.

డ్యాన్సు సంగతి నా లెక్క వేరు. జ్యోతిలక్ష్మి, జయమాలిని సుడిగాలి. ఈవిడ అంత వేగం కాదు, నిలబడి చూస్తే చాలు, మిగతాది ఎదుటివాడు ఊహించుకుని చచ్చేవాడు. 'బావలు సయ్యా' అంటే ఇప్పటికీ జాతర్లలో రికార్డింగ్ డ్యాన్సువాళ్లు ఎగురుతారు, ఆ చూపు మాత్రం ఎవరి వల్లా కాలేదు. 2011లో ఈవిడ కథ అని వచ్చిన హిందీ సినిమా 'ది డర్టీ పిక్చర్'లో విద్యాబాలన్ బాగా చేసింది, నేషనల్ అవార్డు వచ్చింది, కాదనను, అందులో మన కాలవ నీళ్ల వాసన లేదు గానీ.

పోయిన నెల ఏలూరు పనిమీద వెళ్లి కొవ్వలి దాకా బండి పోనిచ్చాను. టీ కొట్టు దగ్గర ఓ పెద్దాయన్ని సిల్క్ స్మితది ఈ ఊరేనా అండీ అని అడిగితే, ముందు నన్ను ఎగాదిగా చూశాడు. గ్లాసు కింద పెట్టి, "విజయలక్ష్మి అనండి" అన్నాడు. అంతే, ఇంకో ముక్క మాట్లాడలేదు. నాకు సిగ్గేసింది, టీ డబ్బులిచ్చి వచ్చేశాను.

ఉండు, చెక్ ట్రే చూసే టైమైంది.

వచ్చాను. మేత బానే తింటున్నాయి. ముక్క నీకు పంపను, పోస్టులో పోతే మళ్లీ దొరకదు. షెడ్డులో మాడిన బల్బు ఒకటుంది, దాని మూతి ఊడగొట్టి పెడతా, ఈ ఎల్ఈడీలు వచ్చాక అవీ కరువైపోయాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు పంచె తెచ్చుకో. ఈలోపు ఏ రాత్రయినా సరే చెయ్యి, జనరేటర్ రిపేరు చేయించాను.

నీ
అనూరాధ పార్టీవాడు