టీమ్ వర్క్ అంటే రాత్రి టెలికాన్ఫరెన్సులు కాదు

సంపాదకుల వారికి,

గ్రామ సచివాలయానికి వెళ్తే సీట్లో ఎవరూ ఉండరని పత్రికల్లో తరచూ వస్తుంటుంది. నా భార్య సచివాలయ ఉద్యోగి కాబట్టి అలాంటి వార్త చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, అలాగని అబద్ధమనీ అనలేను. ఎందుకు ఉండరో మాత్రం ఎవరూ రాయరు.

2019 అక్టోబర్ 2న ఆంధ్రప్రదేశ్‌లో ఈ వ్యవస్థ మొదలైనప్పుడు ఒక్కో సచివాలయంలో పది, పదకొండు మందిని పెట్టారు. పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, సర్వేయర్, ఏఎన్ఎం, మహిళా పోలీసు, ఇంజినీరింగ్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్, వెల్ఫేర్ అసిస్టెంట్, వ్యవసాయం, పశుసంవర్ధకం వాళ్లు, కరెంటు పని చూసేవాళ్లు. ఊరివాళ్లకు అదొక ఆఫీసు, లోపల మాత్రం ఎవరి డిపార్టుమెంటు వాళ్లదే. సర్వేయర్‌కి తహసీల్దారు ఆఫీసు నుంచి, ఏఎన్ఎంకి పీహెచ్‌సీ నుంచి, ఇంజినీరింగ్ అసిస్టెంటుకి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) నుంచి ఆర్డర్లు వస్తాయి, ఇవి చాలవన్నట్టు అందరికీ కలిపి ఎంపీడీవో ఆఫీసు నుంచి ఇంకొన్ని. పక్క కుర్చీలో మనిషికి ఇవాళ ఏం పని పడిందో వీళ్లకు తెలియదు. 2025లో జనాభాను బట్టి సచివాలయాలను ఏ, బీ, సీ అని విడగొట్టి సిబ్బందిని సర్దారు గానీ ఇది మాత్రం మారలేదు.

ఇక టెలికాన్ఫరెన్సులు. రాత్రి మా ఆవిడ అన్నం తినేటప్పుడు కంచం పక్కన ఫోన్ మ్యూట్‌లో ఉంటుంది, పేరు పిలవగానే ఎడంచేత్తో అన్‌మ్యూట్ చేసి "రేపటికల్లా కంప్లీట్ చేస్తాం సర్" అంటుంది. ఏది కంప్లీట్ చేయాలో కాల్ అయ్యాక పక్క ఊరి సచివాలయం వాళ్లకు ఫోన్ చేసి కనుక్కున్న రోజులు కూడా ఉన్నాయి. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులో ఎక్సెల్ షీటు ఫోటో, పని పూర్తయిన పర్సెంటేజీ తక్కువున్న ఊళ్లన్నీ ఎర్ర రంగులో. ఎందుకు తగ్గిందని అడిగేవాళ్లు లేరు. పనులకని హైదరాబాదో బెంగళూరో పోయిన కుటుంబాలు యాప్‌లో ఇంకా ఊళ్లోనే ఉన్నట్టు చూపిస్తుంటే వాళ్ల వేలిముద్ర ఎక్కడి నుంచి తేవాలి? ఆ మాటంటే "సాకులు చెప్పొద్దు" అంటారు. నలుగురి ముందు ఒకట్రెండు సార్లు అలా అనిపించుకున్నాక ఇంక ఎవరు నిజం చెప్తారు? అయిపోయింది సర్, అవుతోంది సర్. పైవాళ్ల దాకా వెళ్లేది అదే, పైవాళ్లు ఇంకా పైకి పంపేదీ అదే.

ట్రైనింగుల్లో మాత్రం నాయకత్వం మీద స్లైడ్లు వేస్తారు. 1979లో ఎస్ఎల్‌వీ-3 రాకెట్ విఫలమైతే విలేకరుల ముందుకు ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ వెళ్లారు, మరుసటి ఏడాది విజయం వచ్చినప్పుడు ఆ ప్రాజెక్టు నడిపిన అబ్దుల్ కలాంను పంపారు అని చెప్తారు, అందరూ చప్పట్లు కొడతారు. సాయంత్రానికి మళ్లీ ఎర్ర జాబితా!

చిత్రమేంటంటే పింఛన్ల రోజు ఈ మనుషులే వేరేలా ఉంటారు. 2024 జులై నుంచి పింఛన్లు వీళ్లే ఇంటింటికీ తిరిగి ఇస్తున్నారు. ముందురోజే బ్యాంకు నుంచి డబ్బు తెచ్చుకుని, లెక్క చూసుకుని, ఎవరికి ఏ వీధో పంచుకుని, తెల్లవారుతుండగానే బయల్దేరతారు. ఒకరి డివైస్ మొరాయిస్తే డిజిటల్ అసిస్టెంట్ బండేసుకుని వెళ్తాడు, వేలిముద్ర పడని ముసలమ్మ దగ్గర ఏఎన్ఎం ఆగిపోతే ఆమెకు మిగిలిన ఇళ్లు నా భార్య చూస్తుంది. ఇదంతా చేయమని ఎవరూ చెప్పరు. ఆ రోజు మాత్రం ఒత్తిడి లేదా అంటే ఉంది, పొద్దున్నుంచీ పర్సెంటేజీలు అడుగుతూనే ఉంటారు. కానీ ఆ రోజు పని ఒక్కటే, అది అందరిదీ, ఎవరి వాటా ఎంతో ముందే తెలుసు, పంచుకున్నది కూడా వాళ్లే. మిగతా రోజుల్లో ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు.

మంచి అధికారులు లేరని కాదు. ఇంతకుముందు ఉన్న ఎంపీడీవో ఒకాయన సోమవారం పొద్దున కాసేపు కూర్చోబెట్టి ముందుగా "ఈ వారం మీకు అడ్డమేంటి?" అని అడిగేవారట. మార్చిలో ఇంటిపన్ను వసూళ్ల మధ్యలో ఇంకో సర్వే వచ్చి పడితే జిల్లా ఆఫీసుతో తనే మాట్లాడి దాన్ని నాలుగు రోజులు వెనక్కి జరిపించారు. ఆ వారం మా ఆవిడ ఇంటికొచ్చి ఆఫీసు గురించి నవ్వుతూ మాట్లాడటం చూశాను. ఆయనకు బదిలీ అయిపోయింది లెండి, అలాంటివాళ్లను ఎక్కడ ఉండనిస్తారు.

ప్రభుత్వానికి పైసా ఖర్చు లేని పనులే అడుగుతున్నాను. ప్రతి సచివాలయానికీ ఒకరిని నిజంగా పెద్దగా పెట్టి, ఏ డిపార్టుమెంటు పనైనా ఆ మనిషి ద్వారానే రానివ్వండి. రాత్రి ఏడు దాటాక కాన్ఫరెన్సులు ఆపండి. ఒక ఊరిని ఎరుపులో పెట్టే ముందు అక్కడికి ఒక్క ఫోన్ చేసి ఏమైందో కనుక్కోమని అధికారులకు చెప్పండి. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల పని ఎవరు చూడాలో కాగితం మీద ఉండాలి, ఇప్పుడైతే జ్వరంతో పడుకున్నా ఫోన్ ఎత్తాల్సిందే.

ఉత్తరం వేస్తే నా పేరు, ఊరు వేయకండి. ఆవిడ ఉద్యోగం చేసుకోవాలి.

– ఒక పాఠకుడు