బీటెక్ మొదటి ఏడాది: గంట కొట్టేవారు లేని చదువు

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ జరిగే రోజుల్లో ఏ బ్రాంచిలో ఎన్ని సీట్లు మిగిలాయి, ఏ ర్యాంకుకు ఎక్కడ సీటు వచ్చింది అనే లెక్కలు పత్రికల నిండా కనిపిస్తాయి. సీటు వచ్చిన పిల్లవాడు ఆ తరువాతి ఆరు నెలలు ఎలా గడుపుతున్నాడన్నది మాత్రం, మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చి ఇంట్లో గొడవ మొదలయ్యేదాకా ఎవరికీ పట్టదు. చాలా ఏళ్లుగా బీటెక్ మొదటి సంవత్సరం విద్యార్థులకు గణితం చెబుతున్న అధ్యాపకుడిగా ఈ విషయంపై కొన్ని మాటలు చెప్పదలచుకున్నాను.

మన పిల్లల్లో ఎక్కువమంది రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల నుంచి వస్తారు. అక్కడ తెల్లవారుజామున నిద్ర లేపడం మొదలు రాత్రి లైట్లు ఆర్పేదాకా అంతా గంట ప్రకారమే నడుస్తుంది. ఏ పుస్తకం ఎప్పుడు తెరవాలో, వారాంతపు పరీక్ష ఏ అధ్యాయంలోంచి ఉంటుందో ఇంకొకరు నిర్ణయిస్తారు. అలా రెండేళ్లు గడిపి ఇంజినీరింగ్ హాస్టలుకు వచ్చిన మొదటి వారంలో, సాయంత్రం తరగతులు అయిపోయాక "సార్, స్టడీ అవర్ ఏ గదిలో?" అని నన్ను అడిగిన పిల్లలున్నారు. మొదట్లో నవ్వొచ్చేది, ఇప్పుడు రావడం లేదు. నిజానికి అడిగినవాళ్లే నయం. అడగనివాళ్లు ఆ సాయంత్రాలన్నీ సెల్‌ఫోనుకు అప్పగించి, సెమిస్టరు మధ్యలో జరిగే మొదటి పరీక్ష, అంటే మొదటి మిడ్, రేపనగా పుస్తకం కోసం పక్క గది తలుపు తడతారు.

పరీక్షల తీరు మారడం ఇంకో దెబ్బ. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలుంటే అందులో సగం, అంటే 80, గణితానివే. తప్పు జవాబుకు మార్కులు కోయరు కనుక తెలియని బిట్టుకు కూడా ఏదో ఒకటి గుర్తించి రావచ్చు. అదే పిల్లవాడు సెమిస్టరు పరీక్షలో అవే మూడు గంటలు కూర్చుని 70 మార్కులకు పేజీల కొద్దీ రాయాలి. మాత్రిక (మ్యాట్రిక్స్) ఐగెన్ విలువల మొత్తం దాని ప్రధాన వికర్ణ మూలకాల మొత్తానికి సమానమన్న చిట్కాతో నాలుగు ఆప్షన్లలో మూడింటిని క్షణంలో కొట్టేయగలిగినవాడు, లాక్షణిక సమీకరణం రాసి సాధించమంటే రెండో వరుస దగ్గరే ఆగిపోతాడు. పదో తరగతిలో, ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు ఇదే మొదటి ఓటమి కావడంతో, తమకు చదువు రాదనే నిర్ణయానికి తొందరగా వచ్చేస్తారు.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారి కష్టం వేరు. నేను బోర్డు మీద మాత్రిక ర్యాంకు లెక్క చేస్తుంటే అరగంటసేపు అయోమయంగా చూసిన ఒక అమ్మాయి, అది తాను ఇంటర్లో తెలుగులో 'కోటి' అనే పేరుతో నేర్చుకున్నదేనని పక్కనున్న స్నేహితురాలు చెప్పగానే మిగతా లెక్క నాకంటే ముందే పూర్తి చేసింది. ఆ మాట చెప్పవలసింది నేను.

ఈ ఇబ్బందులన్నీ ఊహించే కాబోలు, అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2017లో మొదటి సంవత్సరం విద్యార్థులకు కళాశాల వాతావరణానికి అలవాటు చేసే మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమాన్ని ప్రవేశపెట్టింది. ఆటలు, కళలు, మానవ విలువలపై చర్చలు, ఊరిని చూసి రావడం అందులో భాగాలు; ఇరవై మందికి ఒక అధ్యాపకుడు చొప్పున మార్గదర్శిగా ఉండాలన్నది దాని ప్రాణం. నేను చూసినంతలో ఆచరణలో జరిగేది వేరు. వేదిక మీద పెద్దలకు శాలువాలు కప్పుతారు, నిరుటి ప్లేస్‌మెంట్ ప్యాకేజీలు చదువుతారు, రెండు మూడు రోజులు ఉపన్యాసాలు సాగుతాయి, నాలుగో రోజు నుంచి సిలబస్ మొదలవుతుంది. మార్గదర్శి పేరు కాగితం మీద ఉంటుంది గాని, ఆయన ముఖం సగంమంది పిల్లలకు తెలియదు. ఇందులో అధ్యాపకుల తప్పు కూడా ఉంది, నన్ను కలుపుకొనే చెబుతున్నాను.

అందరికంటే నష్టపోయేది కౌన్సెలింగ్ చివరి విడతల్లో సీటు వచ్చి చేరేవాళ్లు. వాళ్లు బ్యాగు సర్దుకుని వచ్చేసరికి ఇండక్షన్ అయిపోతుంది, రెండు యూనిట్లు దాటిపోతాయి, హాస్టల్లో జట్లు కట్టడం కూడా పూర్తవుతుంది. హాజరు 75 శాతం ఉండాలన్న నిబంధన మొదటి రోజే చెబుతారు గాని, పోయిన పాఠాలు ఎవరిని అడగాలో చెప్పేవారుండరు.

తల్లిదండ్రులకు ఒక మనవి. రోజూ ఫోను చేసి మార్కులు అడిగే బదులు, మెస్సులో ఏం తిన్నాడో, గదిలో ఎవరెవరు ఉంటున్నారో అడగండి. మొదటి సెమిస్టరులో ఒక సబ్జెక్టు తప్పి బ్యాక్‌లాగ్ పడితే పరువు పోయినట్టు మాట్లాడకండి. సప్లిమెంటరీ రాసి గట్టెక్కి, మూడో ఏడాదిలో మిగతావారికి లెక్కలు నేర్పిన పిల్లలను నేను చూశాను.

కళాశాలలు మూడో వారంలోనే, మార్కులు లెక్కించని రాతపరీక్ష ఒకటి పెట్టి, ఆ జవాబుపత్రం ముందు పెట్టుకుని ఒక్కొక్క విద్యార్థితో పది నిమిషాలు మాట్లాడితే, మిడ్ ఫలితాల దాకా ఆగకుండానే ఎవరు ఎక్కడ తడబడుతున్నారో తెలుస్తుంది. దీనికి అదనపు ఖర్చు లేదు, అధ్యాపకుల సమయం కావాలి, ఆ గంటలను టైమ్‌టేబుల్లో చూపాలి. చివరి విడతలో చేరినవారికి ఇండక్షన్‌ను మళ్లీ నిర్వహించాలని, మార్గదర్శులు విద్యార్థులను నిజంగా కలుస్తున్నారో లేదో తనిఖీల్లో విద్యార్థులనే అడిగి తెలుసుకోవాలని రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక గణిత అధ్యాపకుడు,
గుంటూరు