బాణసంచా పుస్తకాలు అడిగినవాళ్లకు

అందరికీ నమస్కారం. దీపావళి దగ్గర పడేసరికి మన తిరుపతి గ్రూప్‌లో మంచి బాణసంచా పుస్తకం చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగారు.

ముందు జాన్ కాంక్లింగ్ రాసిన ‘కెమిస్ట్రీ ఆఫ్ పైరోటెక్నిక్స్’ చదవండి. 1985లో మొదటిసారి వచ్చింది, కొత్త ముద్రణ దొరికితే అదే తీసుకోండి. ఇంటర్ కెమిస్ట్రీ గుర్తుంటే చాలావరకు అర్థమవుతుంది. స్ట్రాన్షియంతో ఎరుపు, బేరియంతో ఆకుపచ్చ తేలిగ్గానే వస్తాయి. నీలం మాత్రం ఏడిపిస్తుంది. ఆ రంగునిచ్చే కాపర్ క్లోరైడ్ మంట వేడి మరీ ఎక్కువైతే విడిపోతుంది, రంగు వెలిసిపోతుంది. ఇది తెలిశాక ఆకాశంలో మంచి నీలం కనిపిస్తే చేసినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. షెల్స్ (పైకెగిరి ఆకాశంలో విచ్చుకునే బాణసంచా గుండ్లు) పనితనం కావాలంటే జపాన్ నిపుణుడు తాకేయో షిమిజు పుస్తకం ఉంది.

చరిత్ర ఇష్టమైతే చరిత్ర పరిశోధకుడు పి.కె. గోడే రాసిన, 1953లో అచ్చయిన చిన్న పుస్తకం వెతకండి. 1400 నుంచి 1900 వరకు మన దేశంలో బాణసంచా కథ అందులో ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

పాత పుస్తకాల్లోని పాళ్లు చూసి ఎవరూ ఇంట్లో కలపొద్దు, దయచేసి. క్లోరేట్ అనే రసాయనం, గంధకం కలిపిన మిశ్రమం కొద్దిపాటి రాపిడికే అంటుకుంటుంది. మన దేశంలో 1992 నుంచి నిషేధం కూడా. లైసెన్సు లేకుండా ఏ టపాసు తయారుచేసినా నేరమే. అందుకే ఫార్ములాల పీడీఎఫ్‌లు గ్రూప్‌లో పెట్టకండి.

ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లేవాళ్లు గోడే పుస్తకం ఉందేమో ఒకసారి అడిగి చెప్పండి.