పళ్లెంలో పప్పు చిక్కబడాలి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు, సెలవుల వివరాలు ఈ నెల వార్తాలేఖ వెనుక పేజీలో ఉన్నాయి. ఈ పేజీని మాత్రం పిల్లల తిండికి, అందులోనూ మాంసకృత్తులకు, అంటే ప్రోటీన్లకు, కేటాయిస్తున్నాను. రెండో పీరియడ్ దాటకముందే బల్ల మీద తల వాల్చే పిల్లలను పిలిచి పొద్దున ఏం తిన్నారని అడిగితే చాయ్, బిస్కెట్లు అనో, తొక్కుతో అన్నం అనో చెబుతున్నారు. దేవరకొండ చుట్టుపక్కల మన ఊళ్లలో పిల్లల కడుపు నిండుతూనే ఉన్నది కానీ, అది చాలా ఇళ్లలో ఒక్క అన్నంతోనే నిండుతున్నది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల అబ్బాయికి రోజుకు 45 గ్రాములు, అదే వయసు అమ్మాయికి 43 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మన ఇళ్లలో ఒక మామూలు రోజును తీసుకుందాం. మూడు పూటలకు కలిపి 300 గ్రాముల బియ్యం వండి పెడితే దాని నుంచి సుమారు 24 గ్రాములు వస్తాయి. పప్పుచారులో పిల్లవాడి వాటాకు వచ్చే పాతిక గ్రాముల కందిపప్పుతో మరో 5 గ్రాములు, చిన్న కప్పు పెరుగుతో 3 గ్రాములు కలుస్తాయి. మొత్తం 32 దగ్గర ఆగిపోతుంది. ఆ లోటును పూడ్చడానికి ఒక ఉడికించిన గుడ్డు, ఒక గుప్పెడు పల్లీలు చాలు: గుడ్డుతో 6 గ్రాములు, పల్లీలతో 7 గ్రాములు వస్తాయి.

మాంసకృత్తుల్లో సగానికి పైగా అన్నమే ఇస్తున్నప్పుడు ఇంకాస్త అన్నం పెడితే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న ముక్కలతో తయారవుతాయి. ఒంటికి కావలసిన ఆ అమైనో ఆమ్లాలలో లైసిన్ అనేది బియ్యంలోనూ, జొన్నల్లోనూ తక్కువ, పప్పుధాన్యాల్లో ఎక్కువ. పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం బియ్యంలో, జొన్నల్లో, నువ్వుల్లో దొరుకుతుంది. రెండూ కలిస్తేనే పెరిగే పిల్లల కండకు అక్కరకు వస్తాయి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు మూడు పాళ్ల ధాన్యానికి ఒక పాలు పప్పు ఉండాలంటున్నాయి. ఆ లెక్కన 300 గ్రాముల బియ్యానికి 100 గ్రాముల పప్పు వేయాలి, అంత ఏ ఇంట్లోనూ వేయరని నాకు తెలుసు. ఇప్పుడు వేస్తున్నది రెట్టింపు చేసి, చారును పప్పుగా చిక్కబరిస్తే అదే పెద్ద మార్పు.

కందిపప్పు ధర గురించి చెప్పనక్కరలేదు. అయితే కందిపప్పు ఒక్కటే పప్పు కాదు. పెసర్లు, బబ్బెర్లు, ఉలవలు, శనగలు, పల్లీలు, వీటిలో దేన్ని తీసుకున్నా వంద గ్రాములకు మాంసకృత్తులు దాదాపు 19 నుంచి 24 గ్రాముల మధ్యనే ఉంటాయి. పత్తి ఇంతగా పెరగక ముందు జొన్న చేలల్లో సాళ్ల మధ్య కంది, అనుములు, బబ్బెర్లు వేసుకునేవాళ్లు, ఇంటి తిండికి అవే సరిపోయేవి. ఇప్పుడు పండించేది అమ్మకానికి, తినేది దుకాణం నుంచి. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగిలో పల్లి బాగా పండుతుంది. మనకు దగ్గరలో దొరికే ఆ పల్లీలను వేయించి పొడి కొట్టి, కాస్త నువ్వులు కలిపి డబ్బాలో పెట్టుకుంటే, పొద్దున తొక్కు మాత్రమే ఉండే అన్నంలో రెండు చెంచాల పొడి కలపడానికి నిమిషం పట్టదు.

ఉలవల విషయంలో మనం చేసే పని ఒకటి నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఉలవలు గంటల తరబడి ఉడికించి, ఆ నీళ్లు వంచి చారు పెట్టుకుని, మెత్తగా ఉడికిన గింజలను బర్రెలకు వేస్తాం. రుచి చారులోకి దిగుతుంది కానీ మాంసకృత్తులలో చాలా భాగం గింజలోనే ఉండిపోతుంది, అంటే అసలు బలం కొట్టం దారి పడుతుంది. ఆ గింజల్లో కొన్నింటిని ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు వేసి గుడాలుగా పిల్లలకు పెట్టండి. గ్యాస్ పడుతుందని భయపడే ఇళ్లలో గింజలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా ఉడికిస్తే ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. మొలకలు కూడా మంచివే. అయితే మొలకెత్తినంత మాత్రాన మాంసకృత్తులు రెండింతలు కావు, అరుగుదల మెరుగై, సి విటమిన్ పెరుగుతుంది, అంతే.

బడిలో మధ్యాహ్న భోజనం సంగతికి వస్తే, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పూటకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు అని నిబంధన. ఆ ఒక్క పూటలోనే 20 గ్రాముల మాంసకృత్తులు అందాలి. పప్పు వడ్డించేటప్పుడు చాలామంది పిల్లలు గిన్నె అడుగున ఉన్న ముద్దను వద్దని, పైన తేరిన నీళ్లనే పోయమంటున్నారు. అందుకని గంటెను అడుగు నుంచి కలిపి వడ్డించమని వంట చేసే అక్కలకు చెప్పాను. గుడ్డు పెట్టిన రోజున కొందరు తెల్లసొన తిని పచ్చసొనను గోడ పక్కన వదిలేస్తున్నారు. గుడ్డులోని మాంసకృత్తులలో ఐదింట రెండు వంతులకు పైగా పచ్చసొనలోనే ఉంటాయి, విటమిన్లలో చాలా భాగమూ అక్కడే. ఇంట్లో కూడా ఈ మాట పిల్లలకు చెప్పండి.

అమ్మాయిల గురించి ప్రత్యేకంగా రాయవలసి వస్తున్నది. 10 నుంచి 12 ఏళ్ల వయసులో అబ్బాయికి 32 గ్రాములు కావాలంటే అమ్మాయికి 33 గ్రాములు కావాలి. ఎందుకంటే ఎదుగుదల ఆడపిల్లల్లో ముందుగా మొదలవుతుంది. అయినా ఇంట్లో ఒకే గుడ్డు ఉంటే అది కొడుకు పళ్లెంలోకి వెళుతుంది, పాలు తక్కువైతే బిడ్డ గ్లాసే ఖాళీగా ఉంటుంది, అందరూ తిన్నాక తల్లి పక్కన కూర్చుని బిడ్డ పచ్చిపులుసుతో సరిపెట్టుకుంటుంది. ఆరు, ఏడు తరగతుల అమ్మాయిల తల్లిదండ్రులను నేను గట్టిగానే కోరుతున్నాను: పప్పు అయినా గుడ్డు అయినా ఇద్దరికీ సమానంగా పెట్టండి, వీలైతే బిడ్డకే ముందు పెట్టండి.

మేము ఆదివారం కోడికూరో, చెరువు చేపలో వండుతాం కదా అనే ఇళ్లూ ఉన్నాయి. చాలా మంచిది, మానకండి. కానీ ఒంట్లో కొవ్వు నిలువ ఉన్నట్టుగా మాంసకృత్తులు నిలువ ఉండవు కాబట్టి, ఆదివారం పెట్టింది గురువారానికి పనికిరాదు. రోజూ కొంత, అదీ మూడు పూటలకూ పంచి తినాలి. రాత్రి పూట చారు అన్నమే ఉన్నప్పుడు పక్కన ఇన్ని గుడాలు పెట్టండి. జొన్నరొట్టె చేసే ఇళ్లలో పుంటికూరలో శనగపప్పు ఇంకాస్త ఎక్కువ పడనివ్వండి. సర్వపిండి కాల్చేటప్పుడు పల్లీలు, నువ్వులు, శనగపప్పు మామూలు కన్నా ఎక్కువ కలిపినా పిల్లలు కాదనరు. బతుకమ్మకు సత్తుపిండి కట్టే ఇళ్లకు పెసర, నువ్వుల పొడుల సంగతి నేను చెప్పవలసిన పని లేదు, అది పండుగకే పరిమితం కాకపోతే చాలు.

డబ్బాల్లో వచ్చే పొడుల మీద డబ్బు పెట్టవద్దు. పాలల్లో కలుపుకునే పొడుల డబ్బా వెనుక అచ్చు వేసిన పట్టికలో చక్కెర ఎంత, ప్రోటీన్ ఎంత అని ఒకసారి చదివితే మీకే తెలుస్తుంది. తొమ్మిది, పది తరగతుల అబ్బాయిలు కొందరు కండల కోసం ప్రోటీన్ పౌడర్ కొనివ్వమని అడుగుతున్నట్టు విన్నాను; పైన చెప్పిన 2024 మార్గదర్శకాలు కూడా అలాంటి పొడులకు దూరంగా ఉండమనే చెబుతున్నాయి. మూత్రపిండాల జబ్బు ఉన్న పిల్లల విషయంలో మాత్రం ఈ లేఖను కాక, వైద్యుని మాటనే పాటించాలి.

వచ్చే నెల నుంచి పదవ తరగతికి సాయంత్రం ప్రత్యేక తరగతులు మొదలవుతున్నాయి. చిప్స్ ప్యాకెట్లకు పైసలు ఇచ్చి పంపే బదులు చిన్న డబ్బాలో శనగ గుడాలో, బబ్బెర గుడాలో, వేయించిన పల్లీలో పెట్టి పంపవలసిందిగా కోరుతున్నాను. పొద్దున్నే పనులకు వెళ్లే తల్లిదండ్రులకు అది వీలుకాకపోతే తరగతి ఉపాధ్యాయునికి ఒక మాట చెప్పండి, బడి వంటగదిలోనే ఉడికించి పెట్టే ఏర్పాటు చేస్తాము. పల్లీలు తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చే పిల్లలు ఎవరైనా ఉంటే ఆ సంగతి తరగతులు మొదలయ్యే లోపే రాసి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు