అలారం ఆపేశారని మాకెవరూ చెప్పలేదు

సంపాదకుడికి,

మా ఆఫీసు ఐదో అంతస్తులో ఉంది. పైన ఆరో అంతస్తులోకి కొత్త కంపెనీ వస్తుండటంతో రెండు నెలలుగా ఇంటీరియర్ పని నడుస్తోంది. డ్రిల్లింగ్ మోత గురించో, దుమ్ము గురించో ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పనన్నాక అవి తప్పవు. మొన్నొక రోజు ఉండబట్టలేక మెట్లెక్కి పైకి వెళ్లి చూశాను. ఒకతను నిచ్చెన మీద నిలబడి ఏసీ డక్టు కోసం బ్రాకెట్‌కి వెల్డింగ్ చేస్తున్నాడు. రాలుతున్న నిప్పురవ్వలకు జానెడు దూరంలో ఫోమ్ షీట్లు పేర్చి ఉన్నాయి. తలెత్తి చూద్దును కదా, ప్రతి స్మోక్ డిటెక్టర్‌కీ పాలిథిన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు బిగించారు.

సూపర్‌వైజర్‌ని అడిగాను. "దుమ్ముకి ఊరికే మోగుతోందండీ, అందుకే కట్టేశాం. స్ప్రింక్లర్ నీళ్లు కూడా ఆపేశాం, పైపులు మారుస్తున్నాం కదా" అన్నాడు. పది రోజులైందట. మంట లేస్తే సీలింగ్ నుంచి నీళ్లు చిమ్మేవే స్ప్రింక్లర్లు. మరి ఆ నీళ్ల వాల్వు కట్టేస్తే మా అంతస్తుకీ నీళ్లు ఆగిపోతాయా అంటే మెయింటెనెన్స్ వాళ్లనడగమన్నాడు. వాళ్లు కాంట్రాక్టర్‌నడగమన్నారు.

అతను చెప్పిన కారణంలో అబద్ధం లేదు. జిప్సం బోర్డు జాయింట్లు రుద్దితే లేచే సన్నటి పొడికీ పొగకీ డిటెక్టర్‌కు తేడా తెలియదు. పని జరిగే గంటల్లో మూయాల్సిందే. సాయంత్రం మళ్లీ విప్పే మనిషి ఎవరన్నదే తేలదు. ఆ భవనంలో అలారం పనిచేయడం లేదన్న సంగతి మిగతా అంతస్తుల వాళ్లకు చెప్పాలని ఎవరికీ తోచదు.

1996 నవంబరులో హాంకాంగ్‌లోని గార్లే బిల్డింగ్ అనే వాణిజ్య భవనంలో లిఫ్టులు మారుస్తుండగా వెల్డింగ్ నుంచి మంటలు లేచాయి. తలుపులు తీసేసిన లిఫ్టు గుంట పొగగొట్టంలా మారి మంటను పై అంతస్తులకు లాక్కుపోయింది. 41 మంది చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో టెర్మినల్ పైనున్న రోడ్డు మీద వెల్డింగ్ చేస్తుంటే, కింద సీలింగ్ లోపలి పాలిస్టైరీన్ (థర్మకోల్ లాంటిది) అంటుకుని 17 మంది పోయారు. రెండుచోట్లా పని జరిగింది ఒకచోట, ప్రాణాలు పోయింది ఇంకోచోట.

అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణకు ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ అనే సంస్థ లెక్క ప్రకారం 24 గంటల్లో అలారం 4 గంటలకు మించి, స్ప్రింక్లర్లు 10 గంటలకు మించి పనిచేయకపోతే ఆ భాగాన్ని ఖాళీ చేయించడమో, మనిషిని కాపలా పెట్టడమో చేయాలి. వెల్డింగ్ ఆపిన తర్వాత కూడా కనీసం గంటసేపు ఒకరు అక్కడే ఉండి చూడాలి. నిప్పు రాజుకునేది చాలాసార్లు వెల్డర్ టీకి వెళ్లాకే కదా.

నేనడిగేది పెద్ద ఖర్చున్న పని కాదు. ఏ అంతస్తులో ఏది ఆపారు, ఎప్పటిదాకా ఆపారు, కాపలా ఎవరు, ఫోన్ నంబరెంత. ఈ నాలుగు ముక్కలూ రాసిన కాగితం లిఫ్టు దగ్గర అంటించాలి. ఈ షరతుకు ఒప్పుకుంటేనే ఇంటీరియర్ పనులకు అధికారులు అనుమతివ్వాలి. ఇంకొకటి: ఫాల్స్ సీలింగ్ మూసేముందు ఎవరైనా పైకి తొంగిచూసి సంతకం చేయాలి. కేబుళ్ల కోసం గోడకూ స్లాబుకూ కొట్టిన కన్నాలు పూడ్చకుండా పైన తెల్లటి టైల్సు బిగించేస్తే, ఆ దారిన పొగ వచ్చేదాకా అవి ఉన్నట్టే తెలియదు. కొత్తగా లేపిన పార్టిషన్ స్ప్రింక్లర్ నీళ్లకు అడ్డం పడుతుందేమో కూడా అప్పుడే చూడొచ్చు.

ఎవరో చేసేదాకా ఎందుకని ఆ కాగితమేదో నేనే రాసి లిఫ్టులో అంటించాను. మర్నాటికి లేదు. టేపు అంటించి ప్యానెల్ పాలిష్ పాడుచేశానని సెక్యూరిటీ అతను నన్నే మందలించాడు.

ఇట్లు,
ఐదో అంతస్తు ఉద్యోగి