పండ్ల దుకాణాల్లో రంగుల దీపాలు, వల సంచులు

సంపాదకులకు నమస్కారం.

పండు కొనేటప్పుడు మనం రుచి చూసి కొనం, రంగు చూసి కొంటాం. ఆ అలవాటును ఆసరా చేసుకొని సరుకును ఉన్నదానికంటే తాజాగా చూపించే ఏర్పాట్లు సూపర్‌మార్కెట్లలోనే కాక తోపుడుబండ్ల మీద కూడా కనిపిస్తున్నందున ఈ లేఖ రాస్తున్నాను.

నారింజ రంగు వల సంచిలో నిగనిగలాడిన కమలాపండ్లు, ఇంటికి తెచ్చి పళ్లెంలో పోసేసరికి ఒక్కోసారి ఆకుపచ్చగా తేలతాయి. పండు మారలేదు, వల దారాల రంగు వాటి సందుల్లోని తొక్క రంగుతో మన చూపులో కలిసిపోవడం వల్ల అలా కనిపించింది. జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు కార్ల్ గెగెన్‌ఫుర్ట్‌నర్ 2024లో దీని మీదే ఒక వ్యాసం ప్రచురించారు. నిమ్మకాయలకు పసుపు వల వాడటంలోనూ కిటుకు ఇదే.

దీపాల సంగతి ఇంకొంచెం తీవ్రమైనది. ఎరుపు పాలు ఎక్కువగా ఉన్న వెలుగులో యాపిల్ తొక్క మరింత ఎర్రగా కనిపించడమే కాదు, దాని మీది గోధుమరంగు మచ్చ చుట్టూ ఉన్న రంగులో కలిసిపోయి కంటికి ఆనదు. పసుపు బల్బు కింద మామిడి, అరటి మీది ఆకుపచ్చ చాయ కూడా అలాగే మరుగున పడుతుంది. సరుకు అసలు రంగును గణనీయంగా మార్చి చూపే దీపాలను దుకాణాల్లో వాడరాదని చైనా 2023 డిసెంబరు 1 నుంచి నిబంధన అమలు చేస్తోంది.

ఈ రంగుల మోజు వల్ల నష్టపోయేది కొనేవారు మాత్రమే కాదు, పండించే రైతులు కూడా. బత్తాయి తొక్కలోని ఆకుపచ్చ విరగాలంటే చల్లని రాత్రులు కావాలి. నల్గొండ, అనంతపురం తోటల్లో వానకాలం కోతకొచ్చే కాయకు ఆ చలి దొరకదు కనుక, లోపల రసం నిండినా పైకి పచ్చిగానే కనిపిస్తుంది. చేతికి బరువుగా, తొక్క నున్నగా ఉన్న ఆ కాయను పక్కకు నెట్టి, పసుపు తిరిగిందన్న ఒక్క కారణంతో వడలినదాన్ని ఏరుకొనేవారిని బజారులో చూస్తూనే ఉంటాం. ద్రాక్ష మీది తెల్లని బూడిదలాంటి పూతనూ చాలామంది పురుగుమందే అనుకొని జడుస్తారు. నిజానికి అది పండు మీద సహజంగా ఏర్పడే మైనం. చేతులు పడేకొద్దీ చెరిగిపోతుంది కనుక, పూత చెదరకుండా కాడ ఇంకా ఆకుపచ్చగా ఉన్న గుత్తే మేలైనది.

వ్యాపారులందరూ మోసగాళ్లని నా అభిప్రాయం కాదు. పక్క దుకాణం దీపం పెడితే తానూ పెట్టక తప్పని పరిస్థితి చిన్నవారిది. అందుకే ఎవరి విచక్షణకో వదలకుండా, పండ్ల బుట్టల మీద మామూలు తెల్లని దీపాలే ఉండాలని, వల సంచిలో అమ్మే పండ్ల పక్కన అదే సరుకు కొంత విడిగా పెట్టి చూపాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆహార భద్రతా విభాగాలు ఉత్తర్వులివ్వాలని, వచ్చే మామిడి సీజన్ నాటికైనా ఇవి అమలయ్యేలా చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వినియోగదారు,
ఖమ్మం